తమ్ముడి వీడియో గేమ్ కోసం పల్లం భూమి తనఖా పెట్టాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్న పోయి రెండేళ్ళయింది. కాశీనగరం దగ్గర వంశధార నీరు పారే రెండున్నర ఎకరాల పల్లం ఉంది, కౌలుకిచ్చాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. తమ్ముడు బీటెక్ చేసి, హైదరాబాద్‌లో రెండేళ్ళు ఉద్యోగం చేసి మానేశాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి వీడియో గేమ్ తయారు చేస్తానంటున్నాడు. మహేంద్రగిరి అడవిలో తప్పిపోయిన చిన్నపిల్లను, మన ఊరి కొమ్ము బొమ్మలు చేసే ముసలాయన ఇంటికి చేర్చడం దాని కథ. పన్నెండు లక్షలు కావాలట. ఆరు లక్షలకు భూమి తనఖా పెడదామంటాడు. మిగతా ఆరు ఊళ్ళో తెలిసిన పన్నెండు మంది దగ్గర తలా యాభై వేలు తీసుకుని, కాగితం మీద వాటా రాసిస్తాడట. పెద్ద ఫండింగ్ ఇప్పిస్తానని భువనేశ్వర్‌లో ఒకాయన ముందుగా లక్షన్నర అడుగుతున్నాడు. "అప్పా, ఒక్క గేమ్ హిట్టయితే పదెకరాలు కొంటాను" అంటున్నాడు తమ్ముడు. అమ్మకు నిద్ర పట్టడం లేదు. సంతకం పెట్టకపోతే వాడి కలను నేనే చంపినట్టవుతుందా?
- ఒక అక్క, పర్లాకిమిడి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందే చెప్పేస్తాను. సంతకం పెట్టకండి. భువనేశ్వర్ ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వనివ్వకండి. ఊళ్ళో డబ్బు అడగడం తమ్ముడు మొదలుపెట్టి ఉంటే ఈరోజే ఆపించండి. కానీ ఆట తయారు చేయొద్దని మాత్రం అనకండి. వాడు చేయాలనుకుంటున్న పని వేరు, ఆ పని చుట్టూ ఎవరో అల్లిపెట్టిన డబ్బు కథ వేరు. మొదటిదాని మీద నాకు గౌరవం ఉంది. రెండోదాన్ని నమ్మి నేను ఒకసారి దెబ్బతిన్నాను.

నాది గుణుపురం. హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోల్లో పదకొండేళ్ళు పనిచేసి వచ్చాను. 2014 మొదట్లో మా అందరి నోటా ఒకటే మాట. వియత్నాంలో ఒకాయన ఒంటరిగా, కొద్ది రోజుల్లో చేసిన ఫ్లాపీ బర్డ్ అనే చిన్న ఫోను ఆట రోజుకు 50 వేల డాలర్లు తెస్తోందని వార్తలు వచ్చాయి. ఆ గోల భరించలేక ఆయన ఆ ఫిబ్రవరిలోనే ఆటను తీసేశాడు. ఆ సంగతి మా చెవికెక్కలేదు. 50 వేల డాలర్లు ఒక్కటే వినిపించింది. ముగ్గురం ఉద్యోగాలు మానేశాం. నేను మా బావ దగ్గర రెండు లక్షలు తెచ్చాను. పద్నాలుగు నెలలు పనిచేశాం. నగరంలో ఒక సంస్థ "పెట్టుబడి పెడతాం" అంటూ ఎనిమిది నెలలు తిప్పి, ఆ తర్వాత ఫోనెత్తడం మానేసింది. ఆట విడుదలయ్యాక మొదటి ఏడాది మా ముగ్గురికీ కలిపి వచ్చింది పదకొండు వేల చిల్లర. బావ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను తినేసింది. ఆ బాకీ తీరేదాకా, అంటే నాలుగేళ్ళు, పండక్కి అక్క ఇంటికి వెళ్ళలేకపోయాను.

అందుకే మీ ఉత్తరంలో తనఖా కంటే ఆ పన్నెండు మంది సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. దాని దగ్గరకు మళ్ళీ వస్తాను.

మధ్యలో అమ్మకు ఒక మాట చెప్పండి. 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను. మీ తమ్ముడిది అలాంటిది కాదు. వాడిది ఇండీ గేమ్, అంటే పెద్ద కంపెనీ లేకుండా చిన్న బృందం సొంతంగా చేసుకునే ఆట. చట్టం వైపు నుంచి అందులో తప్పేమీ లేదు. అమ్మ భయపడాల్సింది అప్పు గురించి మాత్రమే.

తమ్ముడు మీకు స్టార్‌డ్యూ వ్యాలీ కథ చెప్పే ఉంటాడు. ఎరిక్ బారోన్ అనే అమెరికా కుర్రాడు ఒక్కడే కూర్చుని, బొమ్మలు, పాటలు, కోడింగ్ అన్నీ తనే చేసి, 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన వ్యవసాయం ఆట. 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఇదంతా నిజం. అయితే మిగతా సగం కూడా తమ్ముడితో చెప్పించండి. నాలుగేళ్ళకు పైగా పట్టిన ఆ పనికి ఆయన ఎవరి భూమీ తనఖా పెట్టలేదు. తోడుగా ఉన్న అమ్మాయి సంపాదనతో ఇల్లు గడిచింది. తను సాయంత్రాలు నాటకాలు, కచేరీలు జరిగే హాల్లో టికెట్లు చూసి జనాన్ని కూర్చోబెట్టే పని చేసుకున్నాడు. ఆట అమ్ముడుపోకపోయి ఉంటే పోయేవి ఆయన సొంత సంవత్సరాలే. అవి చిన్నవని కాదు. కానీ ఇంకొకరి అన్నం పోయేది కాదు.

గెలిచినవాళ్ళ ఇంటర్వ్యూలే మనదాకా వస్తాయి. కంప్యూటర్ ఆటలు అమ్మే అతిపెద్ద ఆన్‌లైన్ దుకాణం స్టీమ్. అందులో 2024 ఒక్క ఏడాదిలో 18 వేలకు పైగా కొత్త ఆటలు వచ్చాయి. రోజుకు దాదాపు యాభై. వాటిలో చాలావాటికి పది మంది కూడా రివ్యూ రాయలేదు. ఆ ఆటల వెనక కూడా రెండేళ్ళో మూడేళ్ళో నిద్రలు మానుకున్న పిల్లలు ఉన్నారు, వాళ్ళలో తెలివైనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను ఎవరూ వేదిక మీదకు పిలవరు. జాతరలో అన్ని కొట్లూ నడవవు కదా, కానీ స్థలం అద్దె మాత్రం ప్రతి కొట్టువాడూ కట్టాల్సిందే. ఇక్కడా అంతే. 2017 నుంచి స్టీమ్‌లో ఆట పెట్టాలంటే ఒక్కో ఆటకు 100 డాలర్లు కట్టాలి. ఆట 1,000 డాలర్ల వ్యాపారం చేశాకే ఆ వంద వెనక్కి వస్తుంది. కోర్సులు అమ్మేవాళ్ళు, సదస్సుల టికెట్లు అమ్మేవాళ్ళు, "ఇలా చేస్తే కోటి" అని వీడియోలు పెట్టేవాళ్ళు, ఫండింగ్ ఇప్పిస్తామనేవాళ్ళు, వీళ్ళందరికీ ఆదాయం మీ తమ్ముడి ఆట నుంచి రాదు, మీ తమ్ముడి ఆశ నుంచి వస్తుంది. ఆట తయారు కాకపోయినా వాళ్ళకు నష్టం లేదు.

ఇప్పుడు ఒక కాగితం, పెన్ను తీసుకుని తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆట ధర 10 డాలర్లనుకుందాం. అందులో 30 శాతం స్టీమ్ తీసుకుంటుంది. మన దేశంలాంటి చోట్ల ధర తక్కువ పెట్టాలి. కొనేవాళ్ళలో చాలామంది డిస్కౌంట్ వచ్చేదాకా ఆగుతారు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడినవాళ్ళు డబ్బు వాపసు అడగవచ్చు. అమెరికాలో అమ్ముడైనదాని మీద అక్కడే కొంత పన్ను పట్టుకుంటారు. ఇన్ని పోగా కాపీకి సగటున 4 డాలర్లు చేతికొస్తాయని, డాలరు 85 రూపాయలని అనుకుందాం. అంటే 340 రూపాయలు. 12 లక్షలు వెనక్కి రావాలంటే 3,500కు పైగా కాపీలు అమ్మాలి. ఇందులో నలుగురి జీతం లేదు, గమనించండి. నెలకు తలా 15 వేలు చొప్పున రెండేళ్ళు లెక్కేస్తే 14,40,000. అదీ కలిపితే 26,40,000. అప్పుడు 7,765 కాపీలు అమ్మితే నలుగురికీ తిండి దొరికి, అప్పు తీరినట్టు. లాభం ఆ తర్వాతే మొదలవుతుంది. తనఖా వడ్డీ ఏడాదికి 12 శాతమే అనుకున్నా ఆరు లక్షలకు నెలకు 6 వేలు. ఆట అమ్మకానికి రాకముందే రెండేళ్ళలో 1,44,000. అది ఎవరి జీతంలోంచి కట్టాలి? మీ జీతంలోంచే కదమ్మా.

ఈ అంకెలు నేను ఊహించి వేసినవే. తమ్ముడు వేరే అంకెలు వేస్తే వేయనివ్వండి. వేసిన ప్రతి అంకె పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయమనండి. ఎక్కువమంది పిల్లలు ఈ లెక్క దగ్గర మొదటిసారి మౌనంగా కూర్చుంటారు. మేం కూర్చోలేదు. మాకు ఆ కాగితం ఎవరూ ఇవ్వలేదు.

జనం దగ్గర చందాలు తీసి ఆటలు చేయడం అనే ఆలోచన ఎక్కడ ఊపందుకుందో కూడా చెప్పాలి. 2012లో టిమ్ షేఫర్ అనే పేరున్న గేమ్ రచయిత, డబుల్ ఫైన్ అనే తన స్టూడియో తరఫున, జనం దగ్గర చందాలు వసూలు చేసే కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటులో 4 లక్షల డాలర్లు అడిగాడు. 87 వేల మంది కలిసి 33 లక్షల డాలర్లు ఇచ్చారు. ప్రపంచమంతా "ఇక కంపెనీల అవసరం లేదు, ఆడేవాళ్ళే డబ్బులిస్తారు" అన్న మాట మోగిపోయింది. తర్వాత జరిగింది మాత్రం అంత మోగలేదు. అడిగినదానికి ఎనిమిది రెట్లు వచ్చినా ఆ డబ్బు చాలలేదు. ఆటను రెండు ముక్కలు చేసి మొదటి సగం 2014 జనవరిలో, రెండో సగం 2015 ఏప్రిల్‌లో ఇచ్చారు. అందులో మోసమేమీ లేదు. ఇరవై ఏళ్ళు అదే పనిలో ఉన్న మనిషి కూడా తన ఆటకు ఎంత ఖర్చవుతుందో ముందుగా సరిగా చెప్పలేకపోయాడు. మన పిల్లలు మొదటి ఆటకు పన్నెండు లక్షలని ఎలా చెప్పగలరు?

అదే ఏడాది యోగ్‌వెంచర్స్ అనే ఇంకో ఆటకు 5 లక్షల 60 వేల డాలర్లకు పైగా వచ్చాయి. అందులో ఒక చిత్రకారుడికి 35 వేల డాలర్లు ముందే ఒకేసారి ఇచ్చేశారు. ఆయన కొద్ది వారాలకే వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, ఆ డబ్బు తిరిగి రాలేదు. 2014లో ఆట రద్దయింది. నలుగురు స్నేహితులు కలిసి పని మొదలుపెట్టేటప్పుడు "మధ్యలో ఒకరు వెళ్ళిపోతే ఏంటి" అని కాగితం మీద ఎందుకు రాసుకోవాలో తమ్ముడికి ఈ ఒక్క కథ చాలు.

మన దేశం నుంచి కిక్‌స్టార్టర్‌లో నేరుగా ప్రాజెక్టు పెట్టడం కుదరదు కూడా. పుణేలో రాజీ అనే ఆట చేసిన బృందం 2017లో అక్కడ డబ్బు అడిగి, అనుకున్న మొత్తం చేరక విఫలమైంది. అయినా వదలకుండా 2020లో ఆటను విడుదల చేసి పేరు తెచ్చుకున్నారు. స్థాపకుల్లో ఒకరు అందుకోసం తన ఫ్లాట్ అమ్ముకున్నారు. తమ్ముడు రేపు ఇదే ఎదురు చెప్పవచ్చు కాబట్టి నేనే ముందు చెబుతున్నాను. అమ్ముకున్నది ఎవరు, ఎవరి ఆస్తి అన్నది చూడమనండి. పనిలో అనుభవం ఉన్న మనిషి, తన సొంత ఇల్లు, తన సొంత నిర్ణయం. మీ ఇంట్లో అడుగుతున్నది అమ్మ తినే బియ్యం.

భువనేశ్వర్ ఆయన గురించి ఎక్కువ రాయక్కర్లేదు. పెట్టుబడి పెట్టేవాళ్ళు డబ్బు ఇస్తారు, అడగరు. కేంద్ర ప్రభుత్వం స్టార్టప్‌గా గుర్తింపు ఇవ్వడానికి ఫీజు లేదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. పబ్లిషర్లకు, అంటే ఆటలకు డబ్బు పెట్టి అమ్మించే కంపెనీలకు, ఆట చూపించడానికి కూడా మధ్యవర్తి అక్కర్లేదు. వాళ్ళ వెబ్‌సైట్లలోనే పంపే దారి ఉంటుంది. ఇక్కడ ఇంకో సంగతి తమ్ముడికి తెలియాలి. పబ్లిషర్ ఇచ్చేది బహుమతి కాదు. ఎక్కువ ఒప్పందాల్లో, అమ్మకాల్లోంచి ముందు వాళ్ళ డబ్బు వాళ్ళు తీసుకున్నాకే తయారు చేసినవాళ్ళకు వాటా మొదలవుతుంది. "ఫండింగ్ వచ్చింది" అనే వార్త చూసి సంబరపడే పిల్లలకు ఈ వాక్యం ఎవరూ చదివి వినిపించరు.

ఇక ఆ పన్నెండు మంది. 2013లో ఒడిశా అంతటా చిట్‌ఫండ్ కంపెనీల మోసాలు బయటపడ్డప్పుడు మన వైపు ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కంపెనీలకు ఏజెంట్లుగా తిరిగినవాళ్ళు చాలామంది మన పక్కింటి పిల్లలే. వాళ్ళు మోసం చేయాలని చేయలేదు, తామూ నమ్మి చేశారు. నమ్మి చేసినందుకు ఊరు వాళ్ళను క్షమించలేదు. మీ తమ్ముడికి దురుద్దేశం లేదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా రిజిస్టరు కాని కంపెనీలో వాటా అంటే అది మామూలు కాగితమే. ప్రైవేటు కంపెనీ పెట్టుకున్నా సరే, వాటాలు కొనమని జనాన్ని బహిరంగంగా పిలవడానికి చట్టం ఒప్పుకోదు. ఇంత ఇస్తే ఇంత తిరిగిస్తానని అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకుంటే 2019 నాటి చట్టం కింద జైలుదాకా వెళ్ళవచ్చు. కేసు దాకా రాకపోయినా సరే, పర్లాకిమిడి చిన్న ఊరు. రోజూ బజారులో ఎదురయ్యే పన్నెండు మొహాల నుంచి తప్పుకు తిరగాల్సిన బతుకు వాడికి వద్దు. నేను ఒక్క మొహం నుంచే తప్పుకు తిరిగాను.

భూమి సంగతి సూటిగా చెబుతాను. అది నాన్న స్వార్జితమై, ఆయన విల్లు రాయకుండా పోయి ఉంటే, అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన వాటా ఉంటుంది. మీ సంతకం అడుగుతున్నది అందుకే. అది మర్యాద కోసం పెట్టే సంతకం కాదు. కాగితాల మీద ఎవరి పేరుందో ఊళ్ళో ఒక వకీలును కలిసి చూపించుకోండి. అమ్మ చేత తొందరపడి ఎక్కడా వేలిముద్ర గానీ సంతకం గానీ వేయించవద్దు. ముద్రా రుణానికి భూమి అక్కర్లేదని ఎవరైనా చెప్పవచ్చు. నిజమే, కానీ అదీ అప్పే, నెలనెలా కట్టాల్సిందే. అమ్మే ఆట ఒకటి చేతిలో ఉన్నప్పుడు మాట్లాడుకోవాల్సిన సంగతి అది.

మరి వాడికి ఏం ఇవ్వాలి? సమయం ఇవ్వండి. మూడు నెలలు, ఒక గది, ఇంటి భోజనం. పోయినా మీకు బాధ లేనంత చిన్న మొత్తం, నెట్‌కీ కరెంటుకీ సరిపడా. వీలైతే రోజుకు నాలుగు గంటలు ఏదైనా కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకోమనండి, ఆ వైపు మన ఊళ్ళల్లో కొరత లేదు. ఆట తయారు చేసే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అక్కర్లేదు. గోడో అనేది పూర్తిగా ఉచితం, ఉన్న లాప్‌టాప్‌లోనే నడుస్తుంది. ఈ మూడు నెలల్లో చేయాల్సింది మొత్తం ఆట కాదు, పది నిమిషాల ముక్క ఒకటి. ట్రైలర్ వద్దు. ట్రైలర్ చూడ్డానికి బాగుంటుంది, దాన్ని ఎవరూ ఆడలేరు. ఆడదగ్గ పది నిమిషాలు కావాలి.

అండర్‌టేల్ అనే ఆట చేసిన టోబీ ఫాక్స్ 2013లో అదే చేశాడు. ముందు ఆటలో కొంత భాగం ఉచితంగా ఇచ్చాడు, జనం ఆడారు, ఆ తర్వాతే డబ్బు అడిగాడు. అడిగింది 5 వేల డాలర్లు. వచ్చింది 51 వేలు. అక్కడ జనం డబ్బు పెట్టింది చేతిలో ఉన్న ఆట మీద.

ఆ పది నిమిషాల ముక్కను స్నేహితులకు చూపించి లాభం లేదు, వాళ్ళు బాగుందనే అంటారు. మీ ఊళ్ళోనూ, మా గుణుపురంలోనూ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. తమ్ముడెవరో తెలియని ఇరవై మంది విద్యార్థుల ముందు లాప్‌టాప్ పెట్టమనండి. వాడు వెనక నిలబడాలి, నోరు విప్పకూడదు, "ఇక్కడ నొక్కు" అని చెప్పకూడదు. ఎన్నో నిమిషంలో ఎవరు ఫోను తీశారో రాసుకోవాలి. ఇరవై మందిలో ఎంతమంది "మిగతాది ఎప్పుడొస్తుంది" అని వాళ్ళంతట వాళ్ళే అడగాలో, ఆ సంఖ్య ముందే ఒక కాగితం మీద రాసి మీ చేతికివ్వమనండి. తర్వాత మార్చడానికి వీల్లేకుండా. ఆ సంఖ్య వస్తే ఇంకో మూడు నెలలు. రాకపోతే ఆ ముక్క వృథా కాదు, ఉద్యోగానికి వెళ్ళినప్పుడు చూపించుకోవడానికి చేతిలో ఒక పని ఉంటుంది. నాకు రెండో ఉద్యోగం ఇప్పించింది ఆ పదకొండు వేల ఆటే.

మీరడిగిన చివరి ప్రశ్న, కలను చంపినట్టా అని. అమ్మా, ఈ మాట ఎవరు నేర్పారో గానీ ఆడపిల్లల మీద చాలా బరువు పెడుతుంది. మీరు కాదంటున్నది ఒక అప్పును. వాడితో ఇలా చెప్పండి: "నీ ఆట నాకు చూడాలని ఉంది రా. భూమి మాత్రం ఇవ్వను. మూడు నెలలు అన్నం పెడతాను, పది నిమిషాలు చేసి చూపించు." కోపం వస్తుంది వాడికి. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అమ్మను మధ్యలోకి లాగినా మీరు మాట మార్చకండి, అలాగని గొంతూ పెంచకండి. ఉభాలు (వరినాట్లు) అయ్యాక కౌలు రైతు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడినీ పొలానికి తీసుకెళ్ళండి. తనఖా అన్న మాట లాప్‌టాప్ ముందు తేలిగ్గానే వస్తుంది. గట్టు మీద నిలబడితే అంత తేలిగ్గా రాదు.

మీ ఉత్తరంలో ఆ కొమ్ము బొమ్మల ముసలాయన గురించి చదివినప్పుడు, నాకు మా నాన్న పర్లాకిమిడి నుంచి తెచ్చిన కొంగ బొమ్మ గుర్తొచ్చింది. మెడ దగ్గర వెలుతురు పడితే తేనె రంగులో మెరిసేది. ఆ కొమ్మును వేడి చేసి వంచే పనిని తమ్ముడు ఆటలో ఎలా చూపిస్తాడో నాకు నిజంగా చూడాలని ఉంది. ఆ ఒక్క ముక్క తయారైనప్పుడు ఈ శీర్షికకే పంపమనండి. కూర్చుని ఆడి, ఎక్కడ బాగుందో, ఎక్కడ విసుగొచ్చిందో, నిమిషాలతో సహా రాసి పంపుతాను. దానికి ఫీజు లేదు.